చుక్కాని మూడు చెవి కోసం గిలకలదిండి దాకా

గుడివాడలో ఆరు నలభైకి రావాల్సిన బందరు పాసింజరు ఆ రోజు ఆరు యాభై అయిదుకి వచ్చింది. ఆ మాత్రం ఆలస్యాన్ని మా ఊళ్ళో ఎవరూ ఆలస్యం అనరు. కార్తీకం వెళ్ళిన వారం, శనివారం. షాపుకి తాళం వేసి, 'ఈ రోజు సెలవు' అని అట్టముక్క తగిలించి బయల్దేరాను. చేతిసంచిలో చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు, ట్వీజర్లు, ఒక పాత టూత్‌బ్రష్షు, రెండు ఫోన్లు. పదిహేడేళ్ళుగా గుడివాడలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాను గానీ, ఒక పార్టు కోసం ఊళ్ళు పట్టుకు తిరగడం ఇదే మొదటిసారి.

చుక్కాని ఫోన్ల గురించి తెలియనివాళ్ళ కోసం ముందు ఆ సంగతి చెప్పాలి. ఈ ఫోన్లని డిజైన్ చేసేది ఒక కంపెనీ, తయారుచేసేది ఇంకో కంపెనీ. డిజైన్ చేసేవాళ్ళు మారరు. తయారుచేసేవాళ్ళు మాత్రం నంబరు నంబరుకీ మారతారు. మూడో నంబరు చేసినవాళ్ళని మా మెకానిక్కులు 'మందం కంపెనీ' అంటారు. ఆ ఫోను ఇటుకలా ఉంటుంది, వెనక ఆరు స్క్రూలుంటాయి. ఐదో నంబరు చేసినవాళ్ళు 'గాజు కంపెనీ'. ముందూ గాజే, వెనకా గాజే, మధ్యలో జిగురు. విప్పాలంటే వేడిగాలి కొట్టి, దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. చూడ్డానికి మాత్రం పెళ్ళికూతురే.

ఇప్పుడు ఏడో నంబరు రాబోతోంది. దాన్ని ఎవరిచేత చేయించాలో ఇంకా తేలలేదట. డిజైన్ చేసేవాళ్ళు ఈ ఫోన్లు ఎక్కువగా బాగుచేసే మెకానిక్కులందరికీ ఒక ఫారం పంపారు. అందులో రెండే పేర్లు: మందం కంపెనీ, గాజు కంపెనీ. ఒకదానికి టిక్కు పెట్టి, కారణం రెండు వాక్యాల్లో రాసి ఆదివారం లోపల పంపాలి. నన్నొకరు అడిగారన్న గర్వంతో వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను. నా టిక్కు గాజు కంపెనీకేనని టీకొట్టు దగ్గర అందరికీ చెప్పాను కూడా. నా షాపు అద్దాల బీరువా నిండా ఐదో నంబర్లే ఉండేవి మరి.

ఈ ప్రయాణానికి అసలు కారణం అవనిగడ్డ రత్నకుమారి టీచర్ గారు. రిటైరయి చాలా ఏళ్ళయింది. చెవులు బాగా మందం. వినికిడి మిషను పెట్టుకుంటారు. మామూలు ఫోను ఏది చెవి దగ్గర పెట్టినా ఆ మిషను కీచుమని అరుస్తుంది. స్పీకరు పెట్టి వింటే మాటలన్నీ కలిసిపోయి డబ్బాలో రాళ్ళు ఆడించినట్టు ఉంటుందట. చుక్కాని మూడు ఒక్కటే ఆవిడ మిషనుతో సఖ్యంగా ఉండే ఫోను. రోజూ తెల్లవారుజామున అయిదింటి నించి ఆరున్నర దాకా దానికి కాల్స్ వస్తూనే ఉంటాయి. దివిసీమ పల్లెల నించి ఆడవాళ్ళు చేస్తారు. కూతురి కాన్పనీ, మొగుడి తాగుడనీ, అత్తగారి ఆపరేషననీ చెప్పుకుంటారు. ఆవిడ విని, నోటుపుస్తకంలో రాసుకుని, ఫోన్లోనే ప్రార్థన చేస్తారు.

మూడు వారాల కిందట బ్యాటరీ మార్పించుకోవడానికి ఆవిడ గుడివాడ వచ్చారు. నేను ఫోను విప్పుతూ, చేతులాడిస్తూ, ఐదో నంబరు గొప్పల గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆ ఊపులో ట్వీజరు జారి ఇయర్ స్పీకరు స్ట్రిప్పు, అంటే దాని సన్నటి తీగపట్టీ, తెగిపోయింది. ఇయర్ స్పీకరంటే చెవి దగ్గర మాట వినిపించే బుల్లి స్పీకరు. ఫోనుకి అదే చెవి. అది మూడో నంబరుది, ఇప్పుడెక్కడా దొరకదు. నా దగ్గర ఒక డబ్బా నిండా ఉండేవి. ఐదో నంబర్లకి చోటు కావాలని పోయినేడాది పాత సామాన్లవాడికి వేసేశాను.

తప్పు ఒప్పుకుంటే పోయేది. నేను ఒప్పుకోలేదు. "పాతదైపోయింది టీచర్ గారూ, దానంతటదే పోయింది" అన్నాను. ఆవిడ నా మొహం కేసి ఒక్క నిమిషం చూసి, "సరే బాబూ, ఎక్కడన్నా దొరికితే చూడండి" అని ఫోను తీసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత నాలుగు రోజులకోసారి మెసేజీ వచ్చేది: 'దొరికిందా బాబూ?' ఒక్కదాంట్లోనూ కోపం లేదు. కాస్త కోపంగా రాసినా నేను హాయిగా నిద్రపోయేవాణ్ణి.

మొన్న బందరు పార్టుల వ్యాపారి ఒకాయన మాటల్లో చెప్పాడు. బందరు పక్కన గిలకలదిండి హార్బరులో వెంకన్న అనే బోటు డ్రైవరు దగ్గర ఇప్పటికీ మూడో నంబరు ఉందట. చెవి ఒక్కటే ఇమ్మని ఏ మనిషినీ అడగలేం. అది తీసేస్తే మిగిలిన ఫోను ఆయనకి ఎందుకూ పనికిరాదు. అందుకని బీరువాలోంచి కొత్త ఐదో నంబరు ఒకటి తీసి సంచిలో వేసుకున్నాను. ఇది ఇచ్చి అది తీసుకుంటే సరి, ఎవడు కాదంటాడు అనుకున్నాను.

రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. నూజెళ్ళ దాటేసరికి రెండువైపులా కోతకొచ్చిన వరి. కొన్ని చేలల్లో కోత కాకముందే మినుములు చల్లుతున్నారు. ఎదురుగా పెడన వెళ్ళే పెద్దాయన, అద్దకం బట్టల మూట కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. ఆయన పక్కన బందరులో డిగ్రీ చదివే అమ్మాయి. ఆ అమ్మాయి చేతిలో ఐదో నంబరు చూసి నాకు ఉత్సాహం వచ్చింది.

"ఏడో చుక్కాని ఎవరు చేస్తే బాగుంటుందమ్మా?" అని అడిగాను.

"ఐదోది చేసినవాళ్ళే చెయ్యాలంకుల్. ఫోటోలు అదిరిపోతాయి" అంది. ఫోను తిప్పి చూపించింది. వెనక గాజు మూలకి చీలి ఉంది. "ఇది మూడోసారి. అయినా సరే!"

పెద్దాయన నవ్వారు. "మా పెడనలో చెక్క అచ్చు చెక్కేవాడొకడు, దాన్ని బట్ట మీద అద్దేవాడింకొకడు అండీ. చీరె బాగుంటే అచ్చుని మెచ్చుకుంటారు. రంగు కారితే మాత్రం అద్దినవాణ్ణి తిడతారు. మీ ఫోన్లకీ అంతేనేమో!"

"మరి అద్దేవాణ్ణి ఎలా చూసి పెట్టుకుంటారండీ?" అన్నాను.

"ఉతికించి చూస్తామండీ. కొత్తగా ఉన్నప్పుడు అందరి పనీ బాగానే ఉంటుంది."

ఆ మాట విని నేను కిటికీ వైపు తిరిగాను. కవుతరం, వడ్లమన్నాడు దాటాయి. పెడనలో ఆయన మూట దింపడానికి సాయం చేశాను. ఎనిమిది దాటాక బందరులో దిగాను. కోనేరు సెంటర్ దగ్గర ఇడ్లీ తిన్నాను. అల్లం పచ్చడి ఘాటుగా, బాగుంది. వెళ్ళేవాళ్ళెవరైనా రెండోసారి పచ్చడి అడగడానికి మొహమాటపడకండి, విసుక్కోకుండా వేస్తారు. అక్కణ్ణించి గిలకలదిండికి షేర్ ఆటోలుంటాయి. మనిషికి ఇరవై.

హార్బరు చేరేసరికి తొమ్మిది కావస్తోంది. వేలం పాటలు సగం అయిపోయాయి. ఐసు దంచుతున్న చప్పుడు, బుట్టలు మోస్తున్న ఆడవాళ్ళ కేకలు, కాళ్ళ కింద చేపనీళ్ళు. చెప్పులు కాక శాండిల్స్ వేసుకెళ్ళడం మంచిది, నేను జారి ఒకసారి కూర్చున్నంత పని చేశాను. వెంకన్న ఎవరని అడిగితే ఒకావిడ వేలుపెట్టి చూపించింది. బోట్ల ఒడ్డున వల గుట్ట మీద ఒక ఆయన, నలభై అయిదేళ్ళుంటాయి, చిరిగిన వలకి ముళ్ళు వేస్తున్నాడు. పక్కన భార్య నాంచారమ్మ దారం అందిస్తోంది. ఆయన మెడలో తాడుకి ప్లాస్టిక్ కవర్లో చుక్కాని మూడు వేలాడుతోంది. దాన్ని చూడగానే నా ప్రాణం లేచొచ్చింది.

నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పి, సంచిలోంచి ఐదో నంబరు తీసి చూపించాను. ఎండలో తళతళ మెరిసింది.

"ఇయ్యనండీ" అన్నాడు వెంకన్న. ఇంజను పక్కన బతికే మనుషులు మామూలు మాట కూడా కేకలాగే మాట్లాడతారు.

"ఇది దానికన్నా కొత్తదండీ. కెమెరా చూడండి ఎలా ఉందో!"

"చేపకి ఫోటో తీత్తే రేటు పెరుగుద్దేంటండీ? మా పక్క బోటాయన దగ్గర ఇదే ఉంది. లైట్‌హౌస్ కనపడతా ఉన్నా టవరు అందలేదు దానికి. నాది చూడండి, ఒడ్డు గీత కూడా కనపడక ముందే అందుద్ది. గాలివాన కబురు ముందు నాకే వస్తది. మిగతా బోట్లోళ్ళకి నేను అరిచి చెప్పాలి."

నాంచారమ్మ దారం పళ్ళతో కొరికి, "టవరు తగలగానే నాకు ఒక్క రింగిచ్చి పెట్టేస్తాడండి" అంది. "అది వచ్చాకే పొయ్యి మీద ఎసరు పెడతాను. మడిసి ఒడ్డు దిగేసరికి అన్నం వార్చి ఉంటది. ఆ రింగు రానంతసేపూ నాకు మంచినీళ్ళు కూడా దిగవండి."

నాకు కోపం వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, వచ్చింది. కొత్త ఫోను ఉత్త పుణ్యానికి ఇస్తానంటే వద్దంటాడేంటి ఈ మనిషి అని సంచి భుజాన వేసుకుని విసురుగా టీ బడ్డీ దగ్గరికి నడిచాను. టీ సగం తాగాక కోపం దిగింది. నా తప్పుకి ఆయన సముద్రం మీద ఎందుకు పరిహారం చెల్లించాలి? ఆ మనిషి మెడలో ఉన్నది ఆయన ఇంటి పొయ్యి. అది నేను అడగడమే అన్యాయం. వెనక్కి వెళ్ళి ఒక మాట చెప్పి పోదామని లేచాను.

నేను వల గుట్ట దగ్గరికి చేరేసరికి ఐసు ఫ్యాక్టరీ నించి ఆయనకి ఫోనొచ్చింది. కవర్లోంచి తీయకుండానే పైనించి నొక్కాడు. చెయ్యి చాచి ఫోనుని మొహానికి బారెడు దూరంలో పట్టుకుని, "ఆఁ, చెప్పు! పది దిమ్మలు!" అని అరిచాడు. అవతలి గొంతు కింది స్పీకర్లోంచి హార్బరంతా వినపడింది.

నేను నిలబడిపోయాను. "వెంకన్న గారూ, మీరు ఫోను చెవికి పెట్టుకోరా?"

"ఇంజను పక్కన చెవికి పెట్టుకుంటే ఏం వినపడుద్దండీ! చేతులు తడి, ఉప్పు. కొన్న రోజున కవర్లో పెట్టాను, ఆ కవరు చిరిగితే ఇంకో కవరు. ఎప్పుడూ స్పీకరే."

"ఎప్పుడూ?"

"ఒడ్డున కూడా అలవాటైపోయిందండి" అంది నాంచారమ్మ. "వీధి వీధంతా మా ముచ్చట్లే."

పదిహేడేళ్ళ పనిలో నాకు అంత సంతోషం కలిగిన క్షణాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చుక్కాని మూడుకి టవరు అందుకునే తీగ వేరు, కింద అరిచే స్పీకరు వేరు, పైన చెవి వేరు. మొదటి రెండూ ఈయన ప్రాణం. మూడోది ఈయన ఒక్క రోజు కూడా వాడలేదు. వల మీద కూర్చుని అదంతా విడమరచి చెప్పాను. టీచర్ గారి చెవుల సంగతీ, తెల్లవారుజాము ఫోన్ల సంగతీ చెప్పాను. తెంపింది నేనేనని మాత్రం వాళ్ళకీ చెప్పలేదు.

వెంకన్న భార్య కేసి చూశాడు. "విప్పితే టవరు పోద్దేమో. రేపు తెల్లారి బయల్దేరాలి" అన్నాడు.

"ముందు ఆ చెవి పనిచేస్తందో లేదో చూడండి" అంది నాంచారమ్మ.

కవరు తీసి ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టాను. నా ఫోను వెంకన్న చేతికిచ్చి, దూరంగా ఐసు బండి వెనక్కి వెళ్ళి ఈ నంబరుకి చెయ్యమన్నాను. అరవొద్దని, చెవికి పెట్టుకుని మామూలుగా మాట్లాడమని రెండుసార్లు చెప్పి పంపాను. ఆయన ఐసు బండి వెనక ఏం మాట్లాడాడో నాకు తెలియదు. ఇక్కడ నాంచారమ్మ మొదట ఉలిక్కిపడింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నాకు వీపు పెట్టి కూర్చుని, "ఊఁ... ఊఁ" అంటూ చాలాసేపు వింది.

"వినపడుతోందా అమ్మా?" అన్నాను.

"ఇన్నేళ్ళొచ్చి ఇప్పుడా ఈ మాటలు!" అంది ఆవిడ. నాతో కాదు, ఫోనుతో. కళ్ళు తుడుచుకుంటూ ఫోను నా చేతికిచ్చి, "బానే వినపడతందండి. ఈ చెవి నేనే ఉంచేసుకుందును" అని నవ్వింది. వెంకన్న తిరిగొచ్చేసరికి మాత్రం, "తీసుకెళ్ళనీ. మనకి ఎదురుగుండా కూర్చుని మాట్లాడుకోడానికి ఏమొచ్చింది? ఆవిడకి ఆ దారి కూడా లేదంట" అంది.

వల మీదే పని మొదలుపెట్టాను. నాంచారమ్మ స్టీలు పళ్ళెం తెచ్చిచ్చింది. నాలుగు స్క్రూలు తేలిగ్గా వచ్చాయి. ఐదోది ఉప్పుగాలికి తుప్పు పట్టి కదల్లేదు. వెంకన్న బోటులోంచి గుడ్డపేలికకి డీజిలు ముంచి తెచ్చాడు. ఒక చుక్క వేసి పావుగంట ఆగాం. తర్వాత స్క్రూ కిర్రుమని తిరిగింది. ఆరోది దాని వెనకే వచ్చింది.

లోపల చెవి కొత్తదానిలా ఉంది. టూత్‌బ్రష్షుతో దుమ్ము తీసి, ట్వీజరుతో స్ట్రిప్పు లేపాను. ఈసారి నోరు మూసుకుని లేపాను. దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టుకున్నాను. ఖాళీ అయిన చోట నీళ్ళు దిగకుండా పాత హవాయి చెప్పు ముక్క కోసి బిగించాను. ఆరు స్క్రూలూ బిగించి ఆన్ చేస్తే టవరు గీతలన్నీ నిండుగా వచ్చాయి. వెంకన్న గట్టిగా ఊపిరి వదిలాడు. ఇదే ఐదో నంబరయితే ఆ ఒడ్డున, కరెంటు లేకుండా, వేడిగాలి లేకుండా నేను దాన్ని విప్పగలిగేవాణ్ణే కాదు.

ఐదో నంబరు ఉంచుకోమని మళ్ళీ అడిగాను. వద్దన్నారు. "మేం చర్చికెళ్ళేవాళ్ళం కాదండి" అంది నాంచారమ్మ కాస్త మొహమాటంగా. "అయినా ఆ టీచరమ్మ గారి పుస్తకంలో మా ఆయన పేరు రాయించండి. ఏ దేవుడయితే ఏముంది, నీళ్ళ మీద తిరిగే మడిసి."

పదకొండున్నరకి బందరు బస్టాండు, పదకొండూ నలభైకి అవనిగడ్డ బస్సు. సీటుకి ఇబ్బంది లేదు. అగ్గిపెట్టె చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఘంటసాల రైతు ఒకాయన చల్లపల్లి దాకా వస్తున్నారు. ఛాతీ పట్టుకుని కూర్చున్నానేంటని కంగారుపడ్డారు. గుండెనొప్పి కాదని చెప్పాక ఫోన్ల సంగతి వచ్చింది.

"మా ఊరి బౌద్ధ స్తూపం చూడ్డానికి వచ్చినవాళ్ళు చేలో ఉన్న నన్ను పిలిచి ఫోటో తీయమంటారండీ. మొన్నొకావిడ గాజు ఫోను చేతిలో పెట్టింది. నా చేతులు నిండా బురద. జారుతుందేమోనని వణికిపోయాను. ఫోటో సంగతి దేవుడెరుగు, దాన్ని తిరిగి ఆవిడ చేతిలో పెట్టేదాకా ప్రాణం లేదు."

"అయితే ఏడోది ఎవరు చెయ్యాలంటారు?"

"మా చేతులు చూసినవాళ్ళెవరైనా పరవాలేదండీ" అన్నారాయన. చల్లపల్లిలో దిగుతూ నా జేబు వైపు చూసి, జాగ్రత్త అన్నారు.

మోపిదేవి దాటి పులిగడ్డ వంతెన ఎక్కితే కింద కృష్ణ పాయ, ఇసుక తిన్నెలు. ఒంటిగంట దాటాక అవనిగడ్డ. బస్టాండు ఎదురుగా భోజనం చేశాను. గోంగూర, పప్పు, గడ్డపెరుగు. చేపల పులుసు కూడా ఉందన్నారు గానీ పొద్దున్నించీ చేపల మధ్యే ఉన్నాను కాబట్టి వద్దన్నాను. రెండింటికి టీచర్ గారింటికి ఆటో ఎక్కాను.

చిన్న డాబా. గుమ్మానికి అప్పుడే క్రిస్మస్ నక్షత్రం కట్టి ఉంది, ఇంకా లోపల బల్బు పెట్టలేదు. టీచర్ గారు తలుపు తీసి, నన్ను చూసి, ఏమీ అడక్కుండా ముందు మంచినీళ్ళిచ్చారు. ఎదురుగా కూర్చుని గట్టిగా మాట్లాడితే మిషను సాయంతో వింటారు. మాట్లాడేవాళ్ళ మొహం మీంచి చూపు కదపరు. అగ్గిపెట్టె తెరిచి చూపించి, హార్బరు సంగతంతా చెప్పాను. ఆవిడ అగ్గిపెట్టె అందుకుని ఆ చిన్న ముక్కని దగ్గరగా చూశారు.

"నేనెవరో వాళ్ళకి తెలియను కూడా తెలియదు కదా బాబూ" అన్నారు. లేచి నోటుపుస్తకం తెచ్చారు. నాంచారమ్మ అడిగింది చెప్తే, వెంకన్న పేరు గుండ్రటి టీచరు దస్తూరీతో రాసుకున్నారు.

"ఈ మూడు వారాలూ ఎలా గడిపారు టీచర్ గారూ?" అన్నాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"ఫోను మోగుతూనే ఉంది. స్పీకరు పెట్టి ఎత్తుతాను. అవతల ఎవరో ఏడుస్తున్నారని తెలుస్తుంది, దేనికో తెలియదు. నంబరు చూసి ఫలానా అమ్మాయి అనుకుని, ఏదో ఒకటి ప్రార్థన చేసి పెట్టేస్తాను. ఒకమ్మాయి మీద మాత్రం నాకు బెంగగా ఉంది. నాగాయలంక నించి చేస్తుంది, అయిదో నెల. ఆ పిల్ల చెప్పుకునేది నాకొక్కదానికే. ఏమైందో ఏమో! వినకుండా చేసే ప్రార్థన అడ్రసు రాయని ఉత్తరం లాంటిదండీ. వేస్తూనే ఉన్నాను."

నేను తల వంచుకుని ఫోను విప్పాను. పది నిమిషాల్లో చెవి బిగించాను. పరీక్షించడానికి నా ఫోను తీసి ఆవిడ నంబరు నొక్కబోతుంటే, ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"ఎదురుగా ఉంటే మీ నోరు చూసే సగం అర్థం చేసుకుంటాను. అది పరీక్ష కాదు. బస్సెక్కి ఊరు దాటాక చెయ్యండి. అప్పుడు విన్నానంటే విన్నట్టే."

డబ్బు ఇవ్వబోతే వద్దని గట్టిగా చెప్పాను. ఎందుకు వద్దో చెప్పడానికి అదే సమయం. నోటిదాకా వచ్చింది. ఆవిడ నా మొహం కేసే చూస్తున్నారు. ఆ చూపుకి తట్టుకోలేక, బస్సుకి టైమైపోయిందని లేచి వచ్చేశాను.

గుడివాడ బస్సు నాలుగింటికి కదిలింది. చల్లపల్లి, కూచిపూడి, పామర్రు మీదుగా వెళ్తుంది. నాకు వెనక చక్రం మీద సీటు దొరికింది. ముందు ఫారం పని చూద్దామని ఫోను తీశాను. పొద్దున్న ఇదే ఫారం మీద గాజు కంపెనీకి టిక్కు పెట్టి ఉంచుకున్నాను, పంపడమే తరువాయి. ఆ టిక్కు తీసేసి మందం కంపెనీకి పెట్టాను. కారణం దగ్గర రెండు వాక్యాలే రాయమన్నారు కదా, రెండే రాశాను: 'పల్లెటూరి మెకానిక్కు ఒడ్డున కూర్చుని ఒక్క స్క్రూడ్రైవరుతో విప్పగలిగే ఫోను చెయ్యండి. దాని చెవి తడి చేతుల్లోనూ, మిషను పెట్టుకున్న చెవి దగ్గరా పనిచెయ్యాలి.' పంపేశాను. పైనున్నవాళ్ళు దాన్ని చదువుతారో లేదో నాకు తెలియదు. ఎవరు మంచి ఫోను చేస్తారన్నది షోరూములో తేలే సంగతి కాదని మాత్రం ఆ రోజు తిరిగినంత దూరం తిరిగితే ఎవరికైనా తెలుస్తుంది.

బస్సు పులిగడ్డ వంతెన ఎక్కింది. ఊరు దాటింది కాబట్టి ఇక ఆగడానికి వంక లేదు. టీచర్ గారి నంబరు నొక్కాను. రెండు రింగులకే ఎత్తారు.

"చెప్పండమ్మా" అన్నారు. అలవాటు మాట కాబోలు. వెంటనే, "మీరా బాబూ? వినపడుతోంది. కీచుమనడం కూడా లేదు. బస్సు చప్పుడు కూడా వినపడుతోంది!" అన్నారు.

"సరే, పుస్తకం తీశాను. ఈ చెవికి మొదట ఫోను చేసింది మీరే కదా. ఏం ప్రార్థన చెయ్యమంటారో చెప్పండి" అన్నారు.

ఎదురుగా ఆవిడ మొహం లేదు. కింద నీళ్ళు మాత్రమే ఉన్నాయి. "టీచర్ గారూ, ఆ రోజు ఫోను చెవి దానంతటది పోలేదండీ. నా చేతిలో తెగింది. నేనే తెంపేసి మీకు అబద్ధం చెప్పాను" అన్నాను.

"తెలుసు బాబూ" అన్నారు. "ఆ రోజు మీరు ఫోను కేసి చూస్తూ, తెంపేశాన్రా దేవుడా అని పెదాల్లోనే గొణుక్కున్నారు. నేను పెదాలు చూస్తూ బతికే మనిషిని కదా."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదండీ?"

"మీరు చెప్తారనుకున్నాను. ఈ మూడు వారాలూ ఎవరికేం కావాలో నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఎవరి సంగతి నాకు తెలుసు అంటే మీ ఒక్కరిదే. అందుకని రోజూ మీ ఒక్కరి కోసమే వివరంగా ప్రార్థన చేశాను."

నాకు ఏడుపొచ్చింది. బస్సులో పక్కన మనుషులున్నారని కూడా చూసుకోలేదు. "ఉంటాను బాబూ, నాగాయలంక అమ్మాయికి చెయ్యాలి" అని ఆవిడ ఫోను పెట్టేశారు.